మనవరాలి కారు సీటు: రిటైరైన ఆర్టీసీ డ్రైవర్ రివ్యూ

మా మనవరాలికి కారు సీటు కొని 17 నెలలైంది. సూర్యాపేటలో మేము, హయత్‌నగర్‌లో మా అమ్మాయి వాళ్లు. పాపను తీసుకురావడానికీ దింపి రావడానికీ నెలకు రెండు మూడుసార్లు హైవే ఎక్కుతాను. ఒక్కో వైపు 130 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెట్టె విప్పిన రోజే ఐదు నక్షత్రాలు ఇచ్చేసే రివ్యూలు చాలా చదివాను. అందుకే రెండు ఎండాకాలాలు, ఒక వానాకాలం, రెండు సంక్రాంతి రద్దీలు చూశాక ఇది రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయను. తప్పులు కూడా చెప్పబోతున్నాను గనక పేరు వద్దనుకున్నాను. ఈ ధరలో దొరికే సీట్లు చూడ్డానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. నేను చెప్పేదాంట్లో చాలావరకు వాటన్నిటికీ పనికొస్తుంది.

ముందు నేనెవరో చెప్పాలి. 31 ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టాను. రిటైరై నాలుగేళ్లు. నా బస్సులో ఒక్క ప్యాసింజర్‌కీ బెల్టు లేదు. మా అమ్మాయిని చిన్నప్పుడు స్కూటర్ ముందు నిలబెట్టుకుని ఊరంతా తిప్పాను. కాబట్టి నేను మొదటినుంచీ బుద్ధిమంతుణ్ని కాదు.

అయినా ఈ సీటు కొనాలని పట్టుబట్టింది నేనే. అల్లుడు సాఫ్ట్‌వేర్, అమ్మాయి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఇద్దరూ వద్దన్నారు. "ఏడాదిలో పనికిరాకుండా పోతుంది మామయ్యా, ఎందుకంత ఖర్చు?" అన్నాడు అల్లుడు. మా ఆవిడైతే ఇంకా తేల్చేసింది. "నా ఒళ్లో కూసోబెట్టుకుంట. మనం పిల్లల్ని పెంచలేదా ఏంది?"

ఆ ఒడి మాటకే నాకు భయం. ఎప్పుడో ఇరవై ఏళ్ల పైమాట. పల్లెలకు పోయే సర్వీసు నడుపుతున్నాను. అప్పటి బస్సుల్లో ఇంజన్ బానెట్ డ్రైవర్ పక్కన లోపలికే ఉండేది. దానికి ఎదురు సీట్లో ఒకామె ఏడెనిమిది నెలల బిడ్డతో కూర్చుంది. స్పీడు 30, మహా అయితే 35. గుంతల రోడ్డు, అంతకన్నా పోదు. చింతచెట్టు చాటు నుంచి బర్రె అడ్డం వచ్చింది, బ్రేకు తొక్కాను. బస్సు దేనికీ తగల్లేదు. బర్రెకు కూడా ఏమీ కాలేదు. కానీ ఆ బిడ్డ తల్లి చేతుల్లోంచి జారి వచ్చి బానెట్ మీద పడింది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది. ఆ తల్లి ఏడుస్తూ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "గట్టిగనే పట్టుకున్న సారూ, ఎట్ల జారిందో."

ఆమె నిజంగానే గట్టిగా పట్టుకుంది. అద్దంలో చూశాను నేను. అది ఉత్త బ్రేకు మాత్రమే, గుద్దుకోవడం కాదు.

ఈ సంగతి చెప్పాక మా అమ్మాయి కాగితం మీద లెక్క వేసింది. ఫిజిక్స్ చెప్పే మనిషి కదా. 50 స్పీడులో పోతున్న కారు గోడకు గుద్దితే లోపల ఏ పట్టూ లేని మనిషికి తగిలే దెబ్బ దాదాపు 32 అడుగుల ఎత్తు నుంచి కింద పడ్డంత అని తేలింది. అంటే మూడంతస్తుల మేడ. బెల్టు పట్టి అర మీటరు దూరంలో ఆపిందనుకున్నా, 10 కిలోల పిల్ల ఆ క్షణాన సుమారు 200 కిలోల బరువుతో లాగుతుంది. రెండు క్వింటాళ్ల బియ్యాన్ని ఒంటి చేతుల్తో ఆపగలవా అని వాళ్లమ్మను అడిగింది. మా ఆవిడ జవాబు చెప్పలేదు. సీటు కొనడానికి ఒప్పుకుంది గానీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ కథ తర్వాత చెబుతాను.

మేము కొన్నది పుట్టినప్పటి నుంచి 18 కిలోల దాకా పనికొచ్చే రకం. 13 కిలోల వరకు పాప ముఖం కారు వెనక అద్దం వైపు ఉండేలా కట్టాలి. తర్వాత ముందుకు తిప్పుకోవచ్చు. కారు సీట్ బెల్టుతోనే బిగించాలి. కారులోని ఇనుప కొక్కేలకు నేరుగా తగిలించే ఐసోఫిక్స్ ఏర్పాటు లేదు. ధర 7,200 రూపాయలు. సీటు బరువు ఐదున్నర కిలోలు.

ఐసోఫిక్స్ ఉన్నది ఎందుకు కొనలేదని అడుగుతారు. అల్లుడి కారు కొత్తది. వెనక సీటు వీపు, కూర్చునే భాగం కలిసే సందులో రెండు ఇనుప కొక్కేలు ఉన్నాయి. ఐసోఫిక్స్ సీటైతే వాటికి 'టక్కు'మని పట్టుకుంటుంది. కట్టడంలో తప్పు చేసే అవకాశం తక్కువ. మీ దగ్గర కొత్త కారొక్కటే ఉంటే ఆ రకమే కొనండి, రెండో మాట లేదు. నా కారు 2016 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. సందులో ఎంత వెతికినా పాత ఓనర్ పారేసుకున్న పల్లీలు, ఒక రూపాయి బిళ్ల దొరికాయి గానీ కొక్కేలు లేవు. రెండు కార్లకూ ఒకే సీటు మారుస్తూ వాడాలంటే బెల్టు రకమే దిక్కు. పైగా మేము చూసిన కొట్లలో ఐసోఫిక్స్ సీట్ల ధర దీనికి రెట్టింపు చెప్పారు.

కొనేటప్పుడు రంగు చూడకండి, పక్కనో వెనకో అతికించిన నారింజ రంగు స్టిక్కర్ చూడండి. గుండ్రటి గీతలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఏ దేశం అనుమతిచ్చిందో చెబుతుంది. 1 అయితే జర్మనీ, 4 అయితే నెదర్లాండ్స్. పిల్ల బరువు ఎంత నుంచి ఎంత వరకో దాని మీదే రాసి ఉంటుంది. మా సీటు మీద ఆర్44/04 అని ఉంది, అది పిల్లల సీట్ల భద్రతా ప్రమాణం పేరు. దీని తర్వాత వచ్చిన కొత్త ప్రమాణం ఆర్129. అందులో బరువు బదులు పిల్ల ఎత్తును లెక్కలోకి తీసుకుంటారు, 15 నెలలు దాటేవరకు వెనక్కి తిప్పే ఉంచాలంటారు. ఆ స్టిక్కర్ లేని సీట్లు కూడా కొట్లలో ఉన్నాయి. బొమ్మలున్నాయి, కప్పు పెట్టుకునే చోటుంది, మెత్తగా ఉంది. అది సోఫా, సీటు కాదు.

ఇప్పుడు అసలు సంగతి, కట్టడం. ఈ రివ్యూ రాయడానికి కారణమే అది.

హైదరాబాద్‌లో ఒక పిల్లల సామాన్ల కొట్లో కొన్నాం. కొట్టు పేరు అనవసరం. "ఫిట్టింగ్ ఫ్రీ అంకుల్" అన్నాడు అక్కడి కుర్రాడు. అల్లుడి కారు దగ్గరికి వచ్చి, ముందు ఎడమ సీట్లో పెట్టి, పాప ముఖం రోడ్డు వైపు ఉండేలా తిప్పి, బెల్టు ఎక్కడో దూర్చి, రెండు నిమిషాల్లో "అయిపోయింది" అన్నాడు. పాపకప్పుడు 11 నెలలు, ఎనిమిదిన్నర కిలోలు. ఆ రెండు నిమిషాల్లో మూడు తప్పులు చేశాడు. అతన్ని అనను, అతనికెవరూ నేర్పలేదు. నేను సీటు పట్టుకుని ఊపితే అటు జానెడు, ఇటు జానెడు ఊగింది. ఉయ్యాలైతే ఇంట్లోనే ఉంది కదా అనుకున్నాను.

పుస్తకం తీసుకుని ఇంటికొచ్చాను. పుస్తకమంతా ఇంగ్లీషు, చీమ తలకాయంత అక్షరాలు. తెలుగు లేదు, హిందీ కూడా లేదు. మన ఊళ్లలో అమ్మే సరుక్కి మన భాషలో ఒక్క పేజీ వేయడానికి వీళ్లకేం నొప్పో. ఒక నక్షత్రం ఇక్కడే కోస్తున్నాను.

అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే తెలిసింది. సీటు మీద రెండు రంగుల గుర్తులుంటాయి. పిల్ల వెనక్కి తిరిగి ఉంటే బెల్టు నీలం గుర్తుల గుండా పోవాలి. ముందుకు తిరిగి ఉంటే ఎరుపు గుర్తుల గుండా పోవాలి. అంతే. బస్సుకు రూట్ బోర్డు ఉన్నట్టు. నీలం రూట్లో అయితే నడుం మీదుగా వచ్చే బెల్టు పిల్ల కాళ్ల దగ్గరున్న నీలం కొక్కేల కింద నుంచి పోతుంది. భుజం మీదుగా వచ్చే బెల్టు సీటు వీపు వెనక నుంచి చుట్టుకుని నీలం సందులో కూర్చుంటుంది.

మొదటిసారి నాకు రెండు గంటలు పట్టింది. మొదట బకిలే దొరకలేదు. మన కార్లలో వెనక సీట్లకు కవర్లు కుట్టించేటప్పుడు బకిల్‌ను లోపలికి తోసేసి పైన కుట్టేస్తారు. వెనక కూర్చునేవాళ్లు బెల్టు పెట్టుకోరన్నది వాళ్ల ధీమా. బ్లేడుతో కవర్ కోసి బకిల్ బయటికి తీశాను. అప్పుడు బెల్టు చాల్లేదు. చిన్న కారు కదా, బెల్టు సీటును చుట్టి రావాలంటే పొడవు కావాలి. కుడివైపు సీటుకు నాలుగు వేళ్లు తక్కువైంది. ఎడమవైపు సరిగ్గా సరిపోయింది, రెండు అంగుళాలు మిగిలింది. కొనే ముందే సీటును మీ కార్లో పెట్టి చూసుకోండి. కొట్టువాడు ఒప్పుకోకపోతే ఇంకో కొట్టుకు పోండి.

చివరగా బిగింపు. ఒక మోకాలు సీట్లో పెట్టి, నా 74 కిలోలూ దాని మీద వేసి, బెల్టులో ఉన్న వదులంతా లాగాలి. మన కారు బెల్టు మెల్లగా లాగితే వస్తూనే ఉంటుంది, కుదుపు వస్తేనే పట్టుకుంటుంది. అందుకే మొదటే వదులు లేకుండా చేయాలి. అయ్యాక బెల్టు దూరిన చోట సీటును పట్టుకుని ఊపి చూడండి. అంగుళానికి మించి కదలకూడదు. లారీ మీద సరుక్కి తాడు బిగించేవాడెవడైనా ఈ పని మొదటిసారికే చేసేస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చునే మా అల్లుడికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు నాకన్నా బాగా కడతాడు, ఒప్పుకుంటాను.

ముందు సీట్లో ఎందుకు వద్దంటే ఎయిర్‌బ్యాగ్. పెద్దవాళ్ల ప్రాణం కాపాడే ఆ సంచి కళ్లు మూసి తెరిచేలోపు విచ్చుకుంటుంది. వెనక్కి తిప్పిన పిల్ల సీటు వీపు దానికి ఆనుకునే ఉంటుంది. అది వచ్చి కొట్టేది నేరుగా పిల్ల తల వెనకాలే. అల్లుడి కారులో ఎండ అడ్డు రేకును కిందికి దించితే దాని మీద ఇదే బొమ్మ వేసి కొట్టేసి ఉంది. కారు కొని ఏడాదైనా ఎవరూ చూడలేదు.

ఇక వెనక్కి తిప్పడం గురించి. బంధువుల్లో ఈ ఒక్క విషయం మీద నాతో వాదించనివాళ్లు లేరు. "పిల్ల గోడకు ముఖం పెట్టి కూర్చున్నట్టుంది", "కాళ్లు మడుచుకుంటోంది", "బయట ఏం కనబడుతుంది దానికి?" ఇలా. నేను చెప్పే జవాబు ఇది. చంటిపిల్లకు ఒళ్లంతా నాలుగు వంతులనుకుంటే అందులో ఒక వంతు తలే. మెడ ఇంకా తామరతూడులా ఉంటుంది. ముందుకు తిరిగి ఉంటే, కారు ఆగినప్పుడు ఒంటిని బెల్టులు పట్టుకుంటాయి గానీ తల ముందుకు విసురుకుపోతుంది. ఆ బరువంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు అన్నీ కలిసి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి. పళ్లెంలో పెట్టినట్టు. స్వీడన్‌లో నాలుగేళ్లు వచ్చేదాకా పిల్లల్ని ఇలాగే కూర్చోబెడతారు. కాళ్లంటారా, మా పాప ఆ మడిచిన కాళ్లతో కారు వెనక సీటును తన్నుతూ హాయిగా ఉంది. ఇంట్లో కూడా బాసిపట్లు వేసుకునే తింటుంది, దానికి లేని నొప్పి చూసేవాళ్లకెందుకో.

మా ఆవిడ కథ చెబుతానన్నాను కదా. మూడో ట్రిప్పు. కొర్లపహాడ్ టోల్ గేటు దాటగానే పాప ఏడుపు మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదు, ముఖం ఎర్రగా అయిపోయింది. అద్దంలో చూస్తే బెల్టులు విప్పేసి పాప మా ఆవిడ ఒళ్లో ఉంది. నేనేమీ అనలేదు. ఇండికేటర్ వేసి బండి ఎడమకు తీసి, టీ కొట్టు ముందు ఖాళీ స్థలంలో ఆపి తాళం తీశాను. "ఏందయ్యా, ఎందుకు ఆపినవ్?" "పాప సీట్ల కూసున్నంక పోదాం." "ఏడుస్తుంది గదా!" "ఏడుపు ఆగినంక పోదాం." ఇరవై నిమిషాలు అక్కడే ఉన్నాం. పాపకు పాలు పట్టింది, బిస్కెట్ తినిపించింది, నన్ను నానా మాటలూ అన్నది. 31 ఏళ్ల సర్వీసులో ప్యాసింజర్లు అన్నవాటి ముందు అవెంత. తర్వాత మళ్లీ కట్టి బయల్దేరాం, చిట్యాల వచ్చేసరికి పాప నిద్రపోయింది. అదే ఆఖరు. ఆ తర్వాత మా ఆవిడ ఒక్కసారి కూడా విప్పలేదు. ఇప్పుడు పక్కింటివాళ్లకు పాఠాలు చెబుతోంది, అవి నేను చెప్పిన మాటలే, తనవన్నట్టు.

పిల్ల ఒంటి మీది ఐదు పట్టీల సంగతి. భుజాల మీద రెండు, నడుం దగ్గర రెండు, కాళ్ల మధ్య ఒకటి. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు భుజం పట్టీలు పిల్ల భుజాల ఎత్తులోనో కొద్దిగా కిందనో ఉన్న సందుల్లోంచి రావాలి. బకిల్ పెట్టి కింది తాడు లాగాక, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత పడి వేళ్ల మధ్యకు వస్తే వదులుగా ఉన్నట్టు. ఇది మొదట నమ్మలేదు, పిల్లకు బిగుతవుతుందేమో అనిపించింది. వదులు పట్టీ ఉన్నా లేనట్టే.

సంక్రాంతికి పొద్దున్నే నాలుగింటికి బయల్దేరాం, చలి. మా ఆవిడ పాపకు బొద్దు స్వెటర్ వేసి కట్టింది. నార్కట్‌పల్లిలో ఆగినప్పుడు స్వెటర్ తీసి చూస్తే పట్టీలో నా అరచేయి మొత్తం దూరింది. స్వెటర్ దూది మందమంతా వదులే కదా. అప్పటినుంచి పల్చటి చొక్కాతో కట్టి, పైన దుప్పటి కప్పుతున్నాం.

ఈ సీటులో నచ్చనివి ఇంకా ఉన్నాయి. పిల్ల ఎదిగే కొద్దీ భుజం పట్టీల ఎత్తు మార్చాలంటే సీటు మొత్తం కార్లోంచి తీసి, వెనక ఇనుప పళ్లెంలోంచి పట్టీలు విప్పి, పై సందులో దూర్చి మళ్లీ తగిలించాలి. ఇంకొంచెం ఖరీదైన వాటిలో తల దిండు పైకి లాగితే పట్టీలు వాటంతటవే జరుగుతాయి. బిగించే తాడు గట్టిది, మా ఆవిడ చేతికి లొంగదు. తల దగ్గరి దిండు ఆరు నెలలకే అప్పడమైంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే 11 రోజులకు కొత్తది పంపారు, డబ్బులడగలేదు. ఆలస్యమైనా మాట నిలబెట్టుకున్నారు.

గుడ్డ చెమట పీల్చదు. మన మే నెలలో అరగంట కూర్చుంటే పాప వీపు మీద నీళ్లు పోసినట్టుంటుంది. వీపు వెనక పల్చటి పాత నూలు చీర ముక్కలాంటివి వేయొద్దు, జారతాయి. ఏసీ ముందే వేసి కారు చల్లబడ్డాక ఎక్కించడమే మేలు. ఎండలో నిలిపిన కారులో బకిల్ ఇనుము అట్లపెనంలా కాలుతుంది. నా వేలికి ఒకసారి బొబ్బ వచ్చింది. ఇప్పుడు దిగగానే సీటు మీద తెల్ల తువ్వాలు కప్పి పోతున్నాం, ఎక్కించే ముందు వేలితో ముట్టి చూస్తున్నాం.

కవర్ విప్పి ఉతకొచ్చు, మంచి పని చేశారు. పట్టీలను మాత్రం నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఒకసారి బకిల్ 'టక్కు'మనడం మానేసింది. ఎంత నొక్కినా పట్టుకోవట్లేదు. తిరగేసి దులిపితే బిస్కెట్ పొడి, కారప్పూస, ఎండిపోయిన పెరుగన్నం మెతుకు రాలాయి. గోరువెచ్చని నీళ్లు పోసి కడిగి ఆరబెడితే బాగైంది. శబ్దం రాకుండా కూర్చుంటే బకిల్ పడినట్టు కాదు, గుర్తుంచుకోండి. మా పాపకు ఆ శబ్దం తెలుసు. 'టక్కు'మనగానే "రైట్ రైట్!" అని అరుస్తుంది. నేను నేర్పిందే. అది అనేదాకా గేరు వేయను.

పెరుగు అంటే గుర్తొచ్చింది. మొన్న వేసవి మొదట్లో నకిరేకల్ దాటాక రాంగ్ రూట్లో ట్రాక్టర్ ఎదురొచ్చింది. నేను 80 మీద ఉన్నాను. బ్రేకు గట్టిగానే కొట్టాల్సి వచ్చింది. వెనక మా ఆవిడ పక్కన పెట్టిన స్టీలు పెరుగు డబ్బా గాల్లో లేచి రెండు ముందు సీట్ల మధ్య నుంచి వచ్చి డ్యాష్‌బోర్డుకు తగిలింది. అద్దమంతా పెరుగు. పాప సీటు అంగుళం జరగలేదు, పాప చేతిలో ఉన్న మామిడి తాండ్ర ముక్క కూడా పడలేదు. ఆ డబ్బా రెండు కిలోలుంటుంది. అది పిల్ల తల వైపు పోయి ఉంటే సీటు ఏం చేసేదో ఆలోచించలేకపోయాను. ఇప్పుడు టిఫిన్ డబ్బా, నీళ్ల క్యాన్, కొబ్బరికాయలు అన్నీ డిక్కీలోనే. పిల్ల చేతికి మెత్తటి బొమ్మ తప్ప ఏమీ లేదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి అని ఒక సెక్షన్ చేర్చారు. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే 1,000 రూపాయల జరిమానా. ఈ 17 నెలల్లో నన్ను ఒక్క పోలీసూ ఆపి అడగలేదు. ఒకతను మాత్రం పంతంగి టోల్ దగ్గర సీటు చూసి "ఇదెంత సార్?" అని ధర అడిగాడు. వాళ్లింట్లోనూ చంటిపిల్ల ఉందట.

ఆ టోల్ లైన్లోనే, మా పక్క పెద్ద బండిలో పైకప్పు తెరిచి ఇద్దరు పిల్లల్ని నిలబెట్టారు. చేతులూపుతూ పోతున్నారు. ఆ బండికి కూడా క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలే ఉండొచ్చు. 2023 అక్టోబర్ నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అని కార్లను గుద్దించి పరీక్ష చేస్తున్నారు. ముందు గుద్దుడు పరీక్ష 64 స్పీడులో చేస్తారు. వెనక సీట్లో ఏడాదిన్నర పిల్లంత బొమ్మ ఒకటి, మూడేళ్ల పిల్లంత బొమ్మ ఒకటి పెడతారు. పిల్లల రక్షణకు నక్షత్రాలు వేరేగా ఇస్తారు. ఆ బొమ్మల్ని కూడా సీట్లలో కట్టే గుద్దిస్తారు, పైకప్పులోంచి నిలబెట్టి కాదు.

పాప పెద్దదయ్యాక ఈ సీటు తమకివ్వమని మా చెల్లెలు ఇప్పుడే చెప్పి పెట్టింది. ఇస్తాను. ఇది యాక్సిడెంట్ చూడని సీటు, నా కళ్ల ముందు పెరిగింది. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ల దగ్గర పాతది కొనకండి. గుద్దుడు తిన్న ప్లాస్టిక్ లోపల చీలి ఉన్నా పైకి కనబడదు. సీటు అడుగున తయారైన తేదీ అచ్చు వేసి ఉంటుంది, పుస్తకంలో ఎన్నేళ్లు వాడొచ్చో ఉంటుంది. డిపోలో బస్సును కండెమ్ చేసినట్టే దీన్నీ ఒక రోజు చేయాలి.

మొత్తానికి ఐదులో మూడున్నర ఇస్తాను. పుస్తకానికి ఒకటి, పట్టీలు మార్చే యాతనకు అర. పాత కారు, రెండు కార్లు, తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లకు ఇది చాలు. కట్టడానికి ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోకండి.

ఇప్పుడు మా పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. ముందుకు తిప్పుదామని అల్లుడు అడుగుతూనే ఉన్నాడు. 13 కిలోలు నిండాకే అన్నాను. ప్రతి ఆదివారం మా వీధి చివర బియ్యం కొట్టు కాటా మీద నిలబెడుతున్నాను. కొట్టతను బస్తాలు పక్కకు జరిపి "ఎక్కు బుజ్జమ్మా" అంటాడు. పోయిన వారం 12 కిలోల 600 గ్రాములు. ఇంకో 400 ఉంది. కానీ ఇది మామిడిపండ్ల కాలం, నిన్న ఒక్క పూట రెండు తిన్నది.